బావ చెప్తున్నాడా, చెప్పుకుంటూ తిరుగుతున్నాడా?

ఓడలకి సరుకులిచ్చే కొట్లో నేనూ మా బావా గుమాస్తాలం. స్పెయిన్ ఓడ వచ్చింది. రేపు దుబాసీగా మా ఇద్దర్లో ఒకణ్ణే పంపుతారు.

ఈవేళ ఆ ఓడ వంటాయన నాతో, "నీ గురించి మీ బావ ఆందా దిసియెందో" అన్నాడు. నా స్పానిష్ పుస్తకంలో "చెప్తున్నాడు" అంటే "ఎస్తా దిసియెందో" అనే ఉంది. "ఆందా" అంటే నడవడం కదా! అనుమానమొచ్చి అడిగాను. ఆయన డెక్కు మీద కనపడ్డవాడి చెవిలోనల్లా గుసగుసలాడుతూ తిరిగి చూపించాడు. చెప్పుకుంటూ తిరుగుతున్నాడన్నమాట!

సాయంత్రం కంచరపాలెంలో బావని ఆపాను.

"ఓడలో ఏటి సెప్తన్నావ్ బావా?"

"నీకు స్పానిష్ రాదని నానెవలికీ సెప్పలేదు బావా!"

ఆ మాట నేనింకా ఎత్తనేలేదు. మీరైతే నమ్ముతారా?