తలవంచిన మొక్కకు నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంటి ముందు మంచమంత జాగాలో ఒక మొక్క ఉండేది. కొమ్మలన్నీ కిందికి వేలాడేవి. సీసాలు కడిగే బ్రష్షుల్లాంటి ఎర్రపూలు పూస్తుందని మా అమ్మ చెప్పింది. ఆమె అచ్చంపేటలో ఒక బంగళా ఊడ్చేది, అక్కడి తోటమాలిని అడిగి తెచ్చింది. పూత చూడకుండానే జ్వరంతో పోయింది.

నాకు ఏడుపు రాలేదు. పక్కింటి పెద్దమ్మ నా గదుమ పట్టుకొని, "ఏడువు బిడ్డా, రాయి లెక్క ఉన్నవేంది" అన్నది. ఆ మాట కూడా నాకు తగల్లేదు. నా కంటికి ఆ మొక్క ఒక్కటే కనిపించేది. మా మెట్ట ఊళ్లో ఆకు వేలాడితే దప్పికైనట్టే లెక్క. బడి మాని, బోరింగు దగ్గర నుంచి పొద్దునొక బిందె, సాయంత్రమొక బిందె మోసుకొచ్చి పోశాను. అది తల ఎత్తలేదు. ఆకులు పసుపు పడ్డాయి. ఇంకా పోశాను.

అమ్మ తండ్రి, మా తాత, పెద్దమందడి నుంచి వచ్చాడు. మొక్క మొదట్లో వేలు పెట్టి, బురద వాసన చూశాడు.

"ఎందుకే గిన్ని నీళ్లు?"

"తల ఎత్తుతలేదు తాతా."

"ఎత్తదు. అది దప్పికై వంగలే, పెరుగుడే గట్ల. నువ్వు ముంచి చంపుతున్నవ్."

నీళ్లు పోయేటట్టు కాలువ తీశాడు. పక్కన ఒక కట్టె పాతి, అమ్మ పాత చీర పీలికతో మానును దానికి వదులుగా కట్టాడు. కొమ్మలను ముట్టుకోలేదు.

"మాను నిలబడితె సాలు. కొమ్మలు వాటి ఇష్టం."

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ గోడ మీది నుంచి, "జర పిల్లను ఏడిపియ్యి పెద్దాయనా" అన్నది.

తాత తల తిప్పలేదు. "ఇద్దరి వంతు నువ్వే ఏడుస్తున్నవ్ గద బిడ్డా. పిల్లను ఇడిసిపెట్టు."

మొక్క ఒక పక్క ఎండిపోయింది, ఒక పక్క బతికింది. పూలు పూసిన రోజు చూస్తూ నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు. బడికి మాత్రం మళ్లీ పోలేదు.

ఇప్పుడు వనపర్తిలో మా గేటు పక్కన మనవరాలు నర్సరీ నుంచి తెచ్చి పెట్టిన అలాంటి చెట్టే ఉంది. దానికీ పక్కన కట్టె పాతి, పాత చీర పీలికతో కట్టాను. పిల్ల బకెట్టుతో వస్తే ఆపుతాను, ముందు మట్టిలో వేలు పెట్టి చూడమంటాను. నీళ్లు ఊరికే రావు.

పోయినేడు మా ఇంటాయన పోయాడు. వచ్చినవాళ్లు నా ముఖమే చూస్తూ కూర్చున్నారు. నేను లేచి చెట్టు దగ్గరికి పోయాను. మాను లావెక్కి కట్టు బిగుసుకుంది. ముడి విప్పి, వదులుగా మళ్లీ కట్టి వచ్చి కూర్చున్నాను.