రాకాసిగుళ్ల టీచరమ్మ

మాదాపూర్ సర్కారు బడిలో పుణ్యవతి సాంఘికశాస్త్రం చెప్పేది. తెనాలి దగ్గరి పల్లె ఆమెది. భర్త లక్ష్మీనారాయణకు సచివాలయంలో ఉద్యోగం కావడంతో హైదరాబాదు వచ్చి పదేళ్లయింది. ఒకరోజు ఆరో తరగతికి ఈజిప్టు పిరమిడ్ల పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి, "మా గుట్ట మీద గూడ చచ్చిపోయినోళ్ల ఇండ్లున్నయి టీచర్. రాకాసిగుళ్లంటరు. మా నాయనమ్మ వాండ్లకు బువ్వ పెడ్తది" అంది.

ఆ సాయంత్రమే పుణ్యవతి గుట్టెక్కింది. గుండ్రంగా పేర్చిన బండరాళ్లు, నడుమ నాలుగు రాతిపలకలతో కట్టిన గుంట, తూర్పు పలకకు చెయ్యి దూరేంత కన్నం. అలాంటివి మొత్తం పదకొండు. లైబ్రరీ పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, అవి రెండున్నర వేల ఏళ్ల కిందటి సమాధులని. చనిపోయిన మనిషి పక్కన కుండలూ, ఇనప కత్తీ పెట్టి పలక మూసేవాళ్లట. ఆ కన్నం సంగతి పండితులకే తేలలేదు. ఆత్మ వచ్చిపోవడానికని కొందరు, కూడు అందించడానికని కొందరు.

పిల్ల నాయనమ్మ చంద్రమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు. ఏటా పెద్దలకు పెట్టుకునే పెత్రమాస నాడు ఆ కన్నంలోంచి జొన్నన్నం ముద్ద లోపలికి జారవిడిచేది.

"వీళ్లు మీ వంశంవాళ్లేనా పెద్దమ్మా?" అని పుణ్యవతి అడిగింది.

"ఎవ్వరైతేంది టీచరమ్మా? పెట్టెటోళ్లు లేనోళ్లు. మా అత్త పెట్టింది, నేను పెడ్తున్న."

ఆ మాట పుణ్యవతి మనసులో నాటుకుపోయింది. మూడేళ్లపాటు సెలవు దొరికినప్పుడల్లా టేపూ, నోటుబుక్కూ పట్టుకుని గుట్టెక్కింది. టేపు రెండో కొస లక్ష్మీనారాయణ పట్టుకునేవాడు. "బతికున్న చుట్టాల ఇళ్లకు ఇన్నిసార్లు వెళ్లామా మనం?" అని నవ్వేవాడు. తొంభై ఎనిమిది వానాకాలానికి ఏడు సమాధుల కొలతలు పూర్తయ్యాయి.

అప్పుడే ఒక కంపెనీ ఆ గుట్ట కొనేసింది. రాళ్ల మీద సున్నపు గీతలు పడ్డాయి. పుణ్యవతి అర్జీ పట్టుకుని పురావస్తు శాఖ ఆఫీసుకు వెళ్లింది. అధికారి కుర్చీ చూపించి మర్యాదగానే మాట్లాడాడు. "మీ బాధ అర్థమైందండి. కానీ ఈ స్థలం మా జాబితాలో లేదు. చేర్చాలంటే సర్వే జరగాలి. సర్వేకు మనుషులు లేరు." రెండోసారి వెళితే ఫైలు కదిలిందన్నారు. మూడోసారికి ఆ కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు. మళ్లీ మొదటినుంచీ చెప్పుకొచ్చింది.

పెత్రమాస ఇంకా ఎనిమిది రోజులుందనగా పేల్చడానికి రాళ్లకు తూట్లు వేశారు. తెల్లారేసరికి చంద్రమ్మ అన్నం వండుకొచ్చింది. పుణ్యవతి కూడా పరుగున వచ్చింది. పనిమీదున్న సూపర్‌వైజర్ లింగమూర్తి అడ్డం నిలబడ్డాడు.

"మేడం, పూజ అంటే కాదన. మాకు గూడ మంచిదే. గని కొలతలు వొద్దు. ఆ కాయితాలు చూసి రేపు ఎవరన్న వొచ్చి పని ఆపుతరు, నా నౌకరి పోతది. ఆ పుస్తకం జర నాకియ్యుండ్రి."

వాదించి లాభం లేదని అతని మొహమే చెప్పింది. ఆమె నోటుబుక్కు ఇచ్చేసి ఉత్త చేతులతో లోపలికి నడిచింది. కొలవని నాలుగు సమాధులూ కళ్ల ముందే ఉన్నాయి.

చంద్రమ్మ ఒక్కో కన్నం దగ్గరా ముద్ద పెట్టింది. ఆఖరిదాని దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"టీచరమ్మా, నువ్వు సదువుకున్నదానివి. జాగ ఖాళీ చెయ్యుండ్రని వీండ్లకు ఎట్ల చెప్పాలె? వీండ్ల మాట నీకెర్కనా?"

వాళ్లు కుండ ఎలా కాల్చారో, ఇనుము ఎలా సాగగొట్టారో పుణ్యవతికి తెలుసు. వాళ్లు దేవుణ్ని ఏమని పిలిచారో, పోయిన బిడ్డకు ఏం చెప్పి సాగనంపారో ఒక్క ముక్క తెలియదు. తండ్రి తద్దినంలో విన్న మంత్రం నాలిక మీదకొచ్చింది. అది వీళ్లెరగని భాష అనిపించి మింగేసింది.

"తెలియదు పెద్దమ్మా. ఎవరికీ తెలియదు."

చంద్రమ్మ కన్నం దగ్గర వంగింది. "అయ్యా, అమ్మా, ఇగ ఈడ ఉండనిస్తలేరు. లేవుండ్రి. యాడికి పోవాల్నో నాకు గూడ ఎర్కలేదు."

ఈల మోగింది. ఇద్దరినీ రోడ్డవతలికి పంపారు. గుట్ట ఒక్కసారి ఉబ్బి కూలింది. దుమ్ము అణిగాక లింగమూర్తి తలొంచుకుని నోటుబుక్కు తెచ్చిచ్చాడు. ఒక్క పెంకుముక్కైనా ఏరుకుంటానంటే మాత్రం ఒప్పుకోలేదు. ఆ మట్టిని లారీలు ఎక్కడ పోశాయో వాకబు చేసినా తెలియలేదు.

పెత్రమాస నాడు చంద్రమ్మ అన్నం గిన్నెతో పుణ్యవతి ఇంటికొచ్చింది. "యాడ పెట్టాలె టీచరమ్మా?"

ఇద్దరూ గుట్ట ఉన్న చోటికి నడిచారు. చుట్టూ రేకులు పాతి ఉన్నాయి. లోపలికి ఎవరినీ పంపొద్దన్నారని కాపలావాడు చెప్పాడు. చంద్రమ్మ అన్నం గిన్నె ఒళ్లో పెట్టుకుని రేకుల పక్కన చతికిలబడింది. పుణ్యవతి కూడా పక్కన కూర్చుంది.