జీడిమొక్కకు పెట్టిన పొగ

"ఒసే పార్వతీ, నీ మొక్క కాడ పాడింది సాలు, నా మొక్క కాడ కూడా పాడు! ఊపిరంతా దానికే పోస్తన్నావు."

"నీకు నోరు నేదేటి? నువ్వే పాడుకో. నా మొక్క ఎదిగితే నీ కళ్ళు మండుతున్నాయి."

నిన్న ఎవరో ఎండుటాకులు కాలుస్తుంటే, ఆ పొగ వాసనకు చిన్నప్పుడు మా పిన్ని కూతురు పార్వతితో పడ్డ ఈ తగువు గుర్తొచ్చింది. నేను బడికి వెళ్లింది మూడో తరగతి వరకే. మనం వదిలే గాలినీ, మంట నుంచి వచ్చే గాలినీ చెట్లు తీసుకుని ఎదుగుతాయని మేష్టారు చెప్పారు. అది విని ఇద్దరం పెరట్లో చెరో జీడిమొక్క నాటాం. తన ఊపిరి తగలాలని పార్వతి రోజూ తన మొక్క పక్కన కూర్చుని పాడేది. పార్వతిది భుజం దాకా వచ్చింది. నాది మోకాలు దాటలేదు. అది చూస్తే నాకు అన్నం సహించేది కాదు.

తగువు పడ్డ సాయంత్రమే, తేమ ఆరకుండా పార్వతి తన మొక్క మొదట్లో కప్పిన ఎండుటాకులన్నీ ఎత్తుకొచ్చి, నా మొక్క పక్కన పోగేసి అంటించాను. పొగ అటువైపు పోకుండా పావడా చాచి అడ్డంగా నిలబడ్డాను.

చెట్టు తీసుకున్న గాలి ఆకులోనే దాగి ఉంటుందట. ఆకు మట్టిలో కుళ్లితే కొంతైనా నేలకు మిగులుతుందట, కాలిస్తే ఒక్కసారే గాలిలో కలిసిపోతుందట. మొన్న మనవరాలు పాఠం చదువుతుంటే విన్నాను. చీపురుపుల్ల కూడా పారేయని నేను, ఆ రోజు అంత దుబారా చేశాను.

మర్నాడు పొద్దున్న నా మొక్క ఆకులు మాడి వేలాడుతున్నాయి. పార్వతి వచ్చి చూసింది. నా మొక్క మొదట్లో చెంబుడు నీళ్లు పోసి, పక్కన కూర్చుని పాట పాడింది.