నడిమి మీటలు

ఎనభైల్లో దుబాయి నుంచి అక్క పంపిన టూ-ఇన్-వన్, అదే రేడియో, టేప్‌రికార్డరు కలిసిన మిషన్, మా కరణ్‌కోట ఇంటికి చేరిన రోజు నా కాళ్లు నేల మీద ఆనలేదు. ముందువైపు పైకీ కిందికీ జరిపే అయిదు మీటలున్నాయి. ఈక్వలైజర్ అట. ఎడమ చివరి మీట, అంటే బేస్, పైకంటా తోసి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చెవుల్లో డప్పు మోగేది. దాన్ని దించమన్నవాళ్లు నాకు శత్రువులే.

అక్క ఉత్తరాలు రాసేది కాదు, క్యాసెట్లో మాట్లాడి పంపేది. ప్రతిసారీ చివర ఒకటే అడిగేది: "నాయినా, ఒక్క మాటన్న మాట్లాడు. నా మీద ఇంక కోపమేనా?" అంత దూరం పోవద్దని నాయిన అడ్డుపడినా ఆమె బావ వెంట వెళ్లింది. అదీ ఆమె భయం. నాయిన హెడ్‌ఫోన్ పెట్టుకుని తలాడిస్తూ కూర్చునేవాడు. జవాబు రికార్డు చేద్దామని నేను మైకు ముందు పెడితే మాత్రం లేచి వెళ్లిపోయేవాడు. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే. "ఏం మొండితనం నాయినా నీది! చెవిటోని ముందల శంఖమూదినట్టున్నది!" అని అరిచేదాన్ని. అక్క ఏమడిగిందో తిరిగి చెప్పేదాన్ని కాదు, విన్నాడు కదా అని.

ఒకసారి తొందరలో క్యాసెట్ తిప్పి పెట్టాను. ఆ వైపున్నవి సినిమా పాటలు. నాయిన ఎప్పటిలాగే చివరిదాకా తలాడించి, "మంచిగనే ఉన్నదంట బిడ్డ" అన్నాడు.

క్యాసెట్ తీసి చూసుకున్నాక గానీ నాకర్థం కాలేదు. నాయిన పనిచేసిన నాపరాతి గనిలో ఏళ్ల తరబడి సుత్తి దెబ్బలు, రాయి పేల్చే తూటాల మోత. ఆ చెవులు ఎప్పుడో పోయాయి. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు. నేను మామూలుగానే అరుస్తాను కాబట్టి నా మాటలు అందేవి, నాకు అనుమానం రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

శబ్దం పెంచే ఉపాయం ఏదైనా చేయిద్దామని ఆయన్నూ, టూ-ఇన్-వన్‌నూ బస్సెక్కించి, తాండూరులో రేడియోలు బాగుచేసే చాచా దగ్గరికి తీసుకెళ్లాను. నాయిన దారంతా మొహం తిప్పుకునే కూర్చున్నాడు.

చాచా మీటలు చూసి నవ్వాడు. "అరె బేటీ, గిదంత దుబ్ దుబ్బే. మాటెక్కడున్నది?"

నాయినకు హెడ్‌ఫోన్ పెట్టి, నా చేతికి మైకిచ్చాడు. పెదాలు కనబడకుండా నా నోటికి దస్తీ అడ్డం పెట్టమన్నాడు. "ఒర్రకు. జర మెల్లగ ఇంట్ల సామాన్ల పేర్లు చెప్పు. పెద్దాయన తిరిగి చెప్తడు."

"చింతపండు" అన్నాను. నాయిన దిక్కులు చూశాడు. చాచా బేస్ మీట అడుగంటా దించాడు. నడిమి మీటల్ని వెంట్రుకవాసి చొప్పున లేపుతూ, మిషన్ని కాదు, నాయిన మొహాన్నే చూస్తున్నాడు. వాల్యూం ముట్టనే లేదు.

"కందిపప్పు."

"పప్పు" అన్నాడు నాయిన.

మరికాస్త లేపాడు. "జల్లెడ."

"జల్లెడ! ఇంట్ల చిరిగింది గద, గదేనా?"

"మనిషి మాట నడుమలుంటది బేటీ" అన్నాడు చాచా. హెడ్‌ఫోన్ నేను పెట్టుకుని చూస్తే రేకుడబ్బా మోగినట్టుంది. నాయినకు మాత్రం అదే మాటగా వినబడుతోంది. ఏ డాక్టరు చదువూ చదవని మనిషి! ఆ వేళ్లకు మొక్కినా తప్పులేదు.

తర్వాత అక్క క్యాసెట్ పెట్టాడు. ఈసారి నాయిన తలాడించలేదు, కదలకుండా విన్నాడు. చివరికొచ్చేసరికి నా వైపు తిరిగాడు.

"గీ మాట ఎప్పటిసంది అడుగుతున్నది?"

"రెండేండ్లసంది, నాయినా."

చాచా ఖాళీ క్యాసెట్ వేసి రికార్డు మీట నొక్కాడు. నాయిన నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"కోపం లేదు బిడ్డా. నీ మాట నాకు ఇనరాలే."