కోయకుండా ఇచ్చిన వీడియో

హోసూరు పక్కన మూకండపల్లిలో మా వీధి వాళ్లకు నేను పిటిషన్ అమ్మను. ఆ పేరు పెట్టింది ఎదురుగా ఉన్న పంక్చర్ షాపతను. నా ఫిర్యాదు చూడటానికి కార్పొరేషన్ నుంచి వచ్చిన అధికారితో, "ఆయమ్మకు ఇంట్లో పని లేదు సార్, పిటిషన్లు రాసేదే పని" అన్నాడు. అధికారి నవ్వాడు. పక్కన టీ తాగుతున్నవాళ్లూ నవ్వారు. ఏళ్లు గడిచాయి. ఆ నవ్వినవాళ్లలో ఎవరెవరున్నారో ఇప్పటికీ చెప్పగలను.

నా ఫిర్యాదు అబద్ధం కాదు. మా ఇంటి కింది భాగంలో మా ఆయన కిరాణా కొట్టు. వీధి సన్నం. పంక్చర్ షాపతను పాత టైర్లూ, రిపేరుకు వచ్చిన బండ్లూ మా మెట్ల దాకా పరిచేస్తాడు. సరుకులకు వచ్చిన ఒక ముసలామె టైరు తగిలి బోర్లా పడింది కూడా. అడిగితే "రెండు నిమిషాలు అక్కా" అంటాడు. ఆ రెండు నిమిషాలు సాయంత్రం దాకా సాగుతాయి. అందుకే మేడ మీద నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తూ, కనిపించేదంతా నోటితో చెబుతూ, కార్పొరేషన్‌కు పంపడం అలవాటు చేసుకున్నాను. ఉత్త ఫొటో పంపితే ఎప్పటిదో అంటారు. మాట కూడా ఉంటే అనలేరు.

ఆ మధ్యాహ్నం కంపెనీలు షిఫ్టు వదిలే వేళ. వీధి నిండా బండ్లే. నేను పైనుంచి వీడియో తీస్తూ, "చూడండి సార్, వీధంతా వాళ్ల నాయన సొత్తు మాదిరి పరుచుకున్నాడు. సిగ్గూ లేదు, భయమూ లేదు ఈ మనిషికి" అంటున్నాను. అంతలో పోలీసు జీపు వచ్చి, ముందుకు పోవడానికి దారి లేక ఆగింది. హెడ్ కానిస్టేబుల్ దిగి అరిచాడు.

పంక్చర్ షాపతను నీళ్ల తొట్టి ముందు కూర్చుని, గాలి కొట్టిన ట్యూబును ముంచి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూస్తున్నాడు. ట్యూబును రెండు చేతులతో పట్టుకునే లేచి, "తీసేస్తాను సార్" అన్నాడు. చెంప మీద దెబ్బ పడింది. వెంటనే ఇంకొకటి. ట్యూబు చేతుల్లోనే ఉంది. మళ్లీ చెయ్యి విసరబోయిన హెడ్ కానిస్టేబుల్ తడినేల మీద జారాడు. జీపు తలుపు తగిలి అతని మోచెయ్యి గీరుకుపోయింది.

నా నోరు అప్పటికీ ఆగలేదు. "ఏం సార్, ఎందుకు కొడతారు? ఆయప్ప చెయ్యే ఎత్తలేదు కదా! మీరే జారినారు!" అన్నాను. బండ్ల హారన్లలో నా గొంతు కిందికి వినపడలేదు. ఫోన్‌లో మాత్రం పడింది.

సాయంత్రం వచ్చి అతన్ని పట్టుకుపోయారు. ఆ మోచేతి గాయం చూపించి, స్పానరుతో పోలీసును కొట్టాడని కేసు. వీధిలో ఎవరిని అడిగినా ఆ సమయానికి లోపల ఉన్నామనే అన్నారు. అంత వీధి ఒకేసారి లోపలికి ఎలా పోయిందో!

వీడియో చూసి మా ఆయన ముఖం పాలిపోయింది.

"ఊరుకో. కొట్టు పెట్టుకొని పోలీసోళ్లతో పగ పెట్టుకుంటారా ఎవరన్నా? ఆయప్ప నీకు చేసిన మంచేమన్నా ఉందా?"

"లేదు."

"మరి?"

"మన ఇంటి ముందు కాలువ పగిలినప్పుడు సాక్షి సంతకానికి ఒక్కరన్నా బయటికొచ్చినారా? మురికినీళ్లు మన కొట్లోకి వస్తా ఉంటే తలుపులేసుకున్నారు. అది నేను మరిచిపోయిందాన్ని కాదు. వాళ్ల మాదిరి నేనూ లోపల ఉన్నానని చెప్పను."

మా ఆయన తక్కెడ తుడుస్తూ, "అట్లయితే పేరు లేకుండా పంపు. ఆ తిట్లన్నా కోసి పంపు" అన్నాడు.

మరుసటి రోజు వీధి దాటి అతని ఇంటికి వెళ్లాను. అతని భార్య నన్ను గడపలో చూసి, "ఇప్పుడు కూడా టైర్ల గురించేనా అక్కా?" అంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. నేను వీడియో పెట్టి ఫోన్ ఇచ్చాను. మొదట నా తిట్లు వినిపించాయి. పెదవి బిగించుకుని వింది. దెబ్బల దగ్గర కళ్లు మూసుకుంది.

"ముందు తిట్టినారు" అంది చివరికి.

"తిట్టినాను. అదీ నిజమే, ఇదీ నిజమే."

ఇద్దరం కలిసి హోసూరులో లాయరమ్మ దగ్గరికి వెళ్లాం. "ఫార్వర్డ్ చేస్తే చాలదమ్మా. ఎవరి ఫోన్‌లో తీసినారో వాళ్లే వచ్చి, నేనే తీసినానని సంతకం పెట్టాల. ఒక్క సెకను కూడా కోయకూడదు. తిట్లు కోసినామంటే, ఇంకేం కోసినారో అంటారు" అని ఆమె చెప్పింది. నేను ఒప్పుకున్నాను.

అతనికి బెయిలు దొరికింది. కేసు మాత్రం పోలేదు. స్పానరుతో కొట్టాడని తేలితే జైలు. పిల్లల చదువు, షాపు, అన్నీ దాంతోనే పోతాయి. అతని భార్య పై అధికారికి అర్జీ పెట్టుకుంది. కృష్ణగిరిలో జిల్లా పోలీసు ఆఫీసుకు విచారణకు రమ్మని అందరికీ కబురు వచ్చింది. బస్సులో నేను ముందు సీట్లో, ఆ దంపతులు వెనక సీట్లో కూర్చున్నాం.

మాది తమిళ రాష్ట్రం కాబట్టి విచారణ తమిళంలో జరిగింది. హెడ్ కానిస్టేబుల్ నన్ను చూపించి, "ఈమె వాళ్ల వీధి మనిషి సార్. ఇద్దరిదీ ఒకటే భాష. నేర్పించి తెచ్చుకున్న సాక్షి" అన్నాడు. అధికారి వీడియో మొదటి నుంచీ పెట్టించాడు. తెలుగు సరిగా అర్థం కాక, ఏమంటున్నారో తమిళంలో చెప్పమన్నాడు. సిగ్గు లేని మనిషి అని అన్నానని, ఆ మనిషినే పక్కన పెట్టుకుని, పైకి చెప్పాను. వీధేమన్నా వాళ్ల నాయన సొత్తా అన్నానని చెప్పాను. అతను నేల చూస్తున్నాడు. నా చెవులు మండిపోయాయి.

అధికారి వీడియో ఆపించి హెడ్ కానిస్టేబుల్ వైపు తిరిగాడు. "ఈమెనా వాళ్ల మనిషి?"

రాసుకుంటున్న గుమాస్తా దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వీడియో మళ్లీ నడిచింది. రెండు చేతులూ, ట్యూబూ, దెబ్బలూ, జారిన కాలూ, నా కేకా. స్పానరు ఎక్కడా లేదు.

"మీ ఇద్దరికీ మాటలున్నాయా అమ్మా?"

"లేవు సార్."

"మరి ఎందుకు వచ్చారు?"

"ఈయప్ప మీద నా ఫిర్యాదు వేరే ఉంది సార్. అది అట్లే ఉంది. చేయని పనికి జైలుకు పోతే దాన్ని ఎవరి మీద నడిపేది?"

అధికారి నవ్వలేదు. సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

బయట వేపచెట్టు కింద హెడ్ కానిస్టేబుల్ ఎదురయ్యాడు. మెల్లగా, మర్యాదగానే అడిగాడు. "మీ కొట్టు ఎక్కడమ్మా?"

వీధి పేరు, ఇంటి గుర్తు, కొట్టు తెరిచే వేళ కూడా చెప్పాను. "పగలంతా నేను మేడ మీదే ఉంటాను సార్" అన్నాను. అతను వెళ్లాక బస్టాండుకు కాకుండా ఎదురు దారిలో నడవబోయాను. అది చూసి పంక్చర్ షాపతని భార్య వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. బస్టాండు దాకా వదల్లేదు.

తర్వాత చాలా రోజులు, కొట్టు ముందు జీపు నెమ్మదిస్తే చాలు, మా ఆయన పొట్లం కట్టడం ఆపేసేవాడు. జీపు ఎప్పుడూ ఆగలేదు. ఒక రోజు తనే పైకి వచ్చి, "ఫోన్‌కు చార్జింగ్ ఉందా?" అని అడిగి కిందికి దిగాడు.

కేసు ఎత్తేశారన్న వార్త ఒక ఉదయం వచ్చింది. హెడ్ కానిస్టేబుల్ మీద వేరే విచారణ మొదలైందట. పంక్చర్ షాపతని భార్య వీధిలో నిలబడి అందరికీ చెబుతుంటే పైనుంచి విన్నాను. లోపల ఉన్నామన్న ప్రతి ఇంటికీ చెప్పింది. నాకు మాత్రం చెప్పలేదు. ఆ పూటంతా నేను వీధి వైపు వెళ్లలేదు.

మధ్యాహ్నం తలుపు కొట్టారు. ఇద్దరూ నిలబడి ఉన్నారు. అతను తల దువ్వుకుని ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"కేసు ఎత్తేసినారు అక్కా."

"వీధంతా చెప్పి, చివరికి నాకా?"

"వాళ్లకు రోడ్డు మీద నిలబడి చెప్పినాము. మీకట్ల చెప్పకూడదని, ఈయన పని ముగించి ఒంటికి నీళ్లు పోసుకొనేదాకా కాచుకొని ఉంటిని" అంది ఆమె.

అతను చెప్పులు విప్పి గడప బయట పెట్టాడు. లోపలికి వచ్చి కూర్చోమన్నాను. వాళ్లు కూర్చున్నాక కాఫీకి పాలు పెట్టాను.