కమాన్లు లేని కారు

మైదుకూరులో కర్నూలు రోడ్డు పక్కన సుంకప్పకు ఒక రేకుల షెడ్డు ఉండేది. యుద్ధకాలంలో బొగ్గుతో నడిచే బస్సుల దగ్గర పని నేర్చుకున్నాడు. లారీ ఒక పక్కకు ఒరిగి వస్తుంటే చక్రాల మీద బండిని మోసే కమానులో ఏ పట్టీ విరిగిందో దూరం నుంచే చెప్పేవాడు. అటువంటి మనిషి 1958లో ఒక కారు ముందు ఏమీ తోచక నిలబడిపోయాడు.

ముగ్గురాయి గనులు చూడవచ్చిన ఫ్రెంచి దొర కారది. దొర బంగళాలో దిగితే, డ్రైవరు మునిరత్నం దాన్ని మెల్లగా షెడ్డుకు తోలుకొచ్చాడు. వెనక భాగం కూలబడి, దాదాపు నేలను రాసుకుంటోంది.

సుంకప్ప వంగి చూశాడు. పట్టీలు లేవు, చుట్టల స్ప్రింగులూ లేవు. చక్రాల దగ్గర టెంకాయలంత ఇనుప గుండ్లు, వాటికి సన్నని గొట్టాలు.

“ఏమప్పా, దీనికి కమాన్లు యాడుండాయి?”

“లేవు మేస్త్రీ. నూనె మీద నిలబడతాదంట.”

“నూనె మీద బండి నిలబడేదేందప్పా!”

ఇంజను ఆపి ఉంచితే కాసేపటికి ముందు భాగమూ దిగింది. మునిరత్నం మళ్ళీ స్టార్టు చేయగానే ముందు భాగం దానంతటదే పైకి లేచింది. సుంకప్ప ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. వెనక మాత్రం లేవలేదు.

బానెట్టు ఎత్తి నూనె డబ్బా మూత తీస్తే నిండుగా ఉంది. వాసన చూశాడు.

“ఎవురో ఆముదం పోసినారప్పా!”

“దీనికి పోసేదే అట్లాంటి నూనె, మేస్త్రీ.”

సుంకప్పకు తల తిరిగింది. నూనె ఉంది. కింద ఎక్కడా కారలేదు. ముందు భాగం లేస్తోందంటే పంపు తోస్తున్నట్టే. మరి నూనె వెనక చక్రాలకు ఎందుకు పోదు? గొట్టం విప్పబోయి, అందులో ఎంత ఒత్తిడి ఉందో తెలియక పానా పక్కన పెట్టేశాడు.

చివరికి ఇంజను ఆపకుండానే వెనక భాగాన్ని జాకీతో లేపి, కట్టె దిమ్మెలు ఆనించి కిందికి దూరాడు. గొట్టం వెంట చూసుకుంటూ పోతే ఒక చిన్న ఇనుప పెట్టె, దాన్నుంచి చక్రాల వైపు ఒక సన్నని కడ్డీ. కడ్డీ చుట్టూ నల్లరేగడి మట్టి ఎండి రాయిలా బిగుసుకుంది.

“బురదలో తోలినావా?”

“మొన్న కాలవ గట్టున దిగబడింది మేస్త్రీ.”

స్క్రూడ్రైవరుతో పొడిస్తే పెళ్ళ ఊడిపడింది. కడ్డీ కదిలింది. అంతే, పెట్టె బుస్సుమంది, కారు దిమ్మెల మీద నుంచి పైకి లేవసాగింది.

“ఆపప్పా! లేస్తాండాది! ఆపు!” అని అరుస్తూ సుంకప్ప పాకుతూ బయటపడ్డాడు. బాగుచేశాడో, ఉన్నదాన్ని చెడగొట్టాడో అతనికే అర్థం కాలేదు. కేకలు విని భార్య హంపమ్మ పరుగున వచ్చింది.

మట్టంతా కడిగాక, ఆమెనే వెనక సీట్లో కూర్చోమన్నాడు. కారు కొంచెం దిగి, మళ్ళీ నెమ్మదిగా లేచి సరిగ్గా నిలబడింది.

“మనిషి ఎక్కిండాదని దీనికెట్ల తెల్సు?” అన్నాడు సుంకప్ప.

“నన్నడిగితే? నువ్వే గదా బాగుచేసింది!” అంది హంపమ్మ.

“దొరకు ఏమని చెప్పేది?” అన్నాడు మునిరత్నం.

“మట్టి పట్టింటే తీసినానని చెప్పు. అంతకుమించి నాకూ తెలీదు.”

రెండు రోజుల తర్వాత ఒక బస్సు డ్రైవరు ఆ కారును నంద్యాలలో చూశానని, వెనక కూలబడకుండా సమంగా పోతోందని చెప్పాడు. సుంకప్ప మనసు కుదుటపడింది. అయినా మద్రాసు లారీలు ఆగినప్పుడల్లా ఆ గుండ్లలో ఏముంటుందని డ్రైవర్లను అడిగేవాడు. నూనె అని ఒకరు, గాలి అని ఒకరు చెప్పారు. రెండూ ఉంటాయని ఇంకొకరు ఉన్నమాటే చెబితే, ఎగతాళి చేస్తున్నాడనుకొని ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.