రెండు బరిణెలు

ఇవాళ మా మామ్మ అత్తగారి పెళ్ళి పట్టుచీరను ఎండలో వేద్దామని బీరువాలోంచి తీశాను. మడతల్లోంచి కర్పూరం వాసన రాగానే నాకు నవ్వు ఆగలేదు.

మన ఈడువాళ్ళకి భోషాణాలు గుర్తున్నాయా? రాజోలు దగ్గర మా ఇంట్లో మంచమంత భోషాణం ఉండేది. లోపల చీరలు, ఇత్తడి సామాను. పైన పిల్లలం పడుకునేవాళ్ళం.

యాభైల్లో మాట, నాకు ఆరేళ్ళు. మామ్మకి చూపు సరిగా ఆనేది కాదు. ఈ చీర మడుస్తూ, "ఆ బరిణెలో కర్పూరం గుడ్డలో మూటకట్టి, మడతల్లో పెట్టవే అమ్మా" అంది. గూట్లో రెండు బరిణెలు, రెండింట్లోనూ తెల్లటి పలుకులే. జలుబుతో నాకు వాసన తెలియలేదు. చేతికందిందే తీశాను.

నాలుగోనాడు అమ్మ భోషాణం తెరిచి కేకపెట్టింది. "అత్తయ్యగారూ, మీ అత్తగారి చీరనిండా చీమలండీ!"

జరీ అంచు వెంట పెళ్ళివారిలా బారులు తీరాయి. నేను తలుపు చాటున నక్కాను. మామ్మ మూట విప్పి, ఒక పలుకు నాలిక మీద వేసుకుంది.

"పటికబెల్లమే! బతికుండగా మా అత్తగారు నా చేతిలో ఒక్క పలుకు పెట్టలేదు. ఇన్నాళ్ళకి చీరలోంచి తినిపించేరు!" అని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

దులిపి చూస్తే ఒక్క పోగు చెడలేదు. అప్పటినుంచి ఏటా చీర మడిచేముందు నా నోట్లో ఓ పలుకు వేసేది. "ముందిది నోట్లోకి, తరవాత అది పెట్టెలోకి."

ఇవాళా ఆ పద్ధతి తప్పలేదు. నా షుగరు డాక్టరుగారు మాత్రం ఈ పోస్టు చూడకూడదు.